డ్రెస్సింగ్ రూమ్ నుంచి: గాయాల సంరక్షణ శిక్షణ, ప్రాజెక్టు డైరీ

జూన్

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే నర్సులకు, డాక్టర్లకు గాయాల సంరక్షణ మీద శిక్షణ ఇవ్వాలి. పని ఇదీ. స్లైడ్లు తయారు చేయకముందే డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పక్కన కూర్చుని చూద్దామని టీమ్‌లో అందరం అనుకున్నాం. ఎవరినీ ఆపలేదు, సలహాలు ఇవ్వలేదు. చేతిలో ఒక కాగితం, దాని మీద కొన్ని గడులు: గాయం ఎందువల్ల వచ్చిందో రాశారా, కొలిచారా, పాదంలో నాడి చూశారా, దేనితో కడిగారు, పైన ఏం పెట్టారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు.

ఏ గాయం వచ్చినా చేసే పని ఒకటే. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ వచ్చేదాకా కడగడం, దాని మీద అయొడిన్, ఆ పైన పొడి గాజు గుడ్డ (గాజ్ అనే పలుచని నూలు గుడ్డ), ప్లాస్టర్, "రేపు రండి". కాలిన గాయమైనా, షుగర్ ఉన్న మనిషి అరికాలి పుండైనా, చీలమండ పైన నెలల తరబడి మానని పుండైనా ఇదే వరస. రిజిస్టర్లో "డ్రెస్సింగ్ చేశాం" అని మాత్రం ఉంటుంది. పోయిన నెలకీ ఇప్పటికీ పుండు పెరిగిందా తగ్గిందా అంటే ఆ రిజిస్టర్ చెప్పలేదు.

ఆ గదిలో నిర్లక్ష్యం ఎక్కడా కనిపించలేదని కూడా ఇక్కడే రాసుకోవాలి. ప్రతి పేషంట్‌తోనూ ఓపిగ్గా మాట్లాడుతున్నారు, చేతులు కడుక్కుంటున్నారు, నొప్పి పుడితే ఆగుతున్నారు. తమకు నేర్పింది నేర్పినట్టు చేస్తున్నారు, అంతే. అందుకే ఈ ప్రాజెక్టులో కొత్తవి నేర్పడం కన్నా పాతవి మాన్పించడం పెద్ద పని అవుతుందని నాకు అనిపిస్తోంది. నురగ వస్తుంటే గాయం శుభ్రపడుతున్నట్టు పేషంట్‌కూ నమ్మకం, సిస్టర్‌కూ తృప్తి. ఆ తృప్తిని వదులుకోమని అడగబోతున్నాం.

శిక్షణ ఎలా ఉండాలన్న చర్చలో ఒక విషయం బాగా ఉపయోగపడింది. ఆరోగ్య సిబ్బందికి పెట్టే క్లాసులు, వర్క్‌షాపుల మీద 2009లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసేది) ప్రకారం, వాటి వల్ల సరైన పద్ధతి పాటించడంలో వచ్చే మెరుగుదల మధ్యస్థంగా సుమారు 6 శాతం. ఎవరి పని ఎలా ఉందో లెక్క తీసి వాళ్లకే చూపించే పద్ధతి మీద 2012 సమీక్షలో ఆ అంకె 4.3 శాతం. రెండూ చిన్న అంకెలే. ఒక రోజు హాల్లో కూర్చోబెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపితే ఏమీ మారదన్న మా అనుమానానికి ఇవి బలం. చిన్న క్లాసు, వెంటనే డ్రెస్సింగ్ రూమ్‌లో పక్కన నిలబడి చేయించడం, వాళ్ల రిజిస్టర్ లెక్కలు వాళ్లకే చూపించడం, మళ్లీ చిన్న క్లాసు. ఇలా కలిపి, విడతలు విడతలుగా చేయాలని తేల్చుకున్నాం.

జూలై, మొదటి క్లాసు

డ్రెస్సింగ్ సామాన్ల గురించి మొదటి క్లాసులో ఒక్క మాట కూడా ఎత్తలేదు. అందరూ దాని కోసమే ఎదురుచూశారు. ఏ పుండుకి ఏ డ్రెస్సింగ్ అని ఒక చార్ట్ ఇస్తే గోడకు అంటిస్తామన్నారు. కారణం తెలియకుండా ఆ చార్ట్ వల్ల మేలు తక్కువ, అది తర్వాత ఇస్తామని చెప్పాం.

క్లాసంతా కాళ్ల ఫొటోలే. మోకాలికి, మడమకు మధ్య, ఎక్కువగా చీలమండ లోపలి వైపు, లోతు లేకుండా వెడల్పుగా, ఎప్పుడూ తడిగా ఊరుతూ ఉండే పుండు, చుట్టూ గోధుమరంగు మచ్చలు, సాయంత్రానికి కాలు వాపు: ఇది సిరల జబ్బు. కాలి వేళ్ల చివర్లలోనో, మడమ మీదో, గుండ్రంగా తొలిచినట్టు, అడుగు పాలిపోయి, రాత్రిపూట నొప్పి, కాలు మంచం మీద నుంచి కిందకి వేలాడేస్తే కాస్త ఉపశమనం: రక్తం అందడం లేదు. బొటనవేలి కింద కాయ కట్టిన చోట పుండు, చుట్టూ మందపాటి చర్మం, లోతుగా ఉన్నా నొప్పి లేదు: నరాల స్పర్శ పోయింది. మొదటిదానికి గట్టి కట్టు కావాలి. రెండోదానికి అదే కట్టు కడితే కాలు పోవచ్చు. మూడోదానికి ఎంత మంచి డ్రెస్సింగ్ వేసినా, మనిషి దాని మీద నడుస్తున్నంత కాలం మానదు.

ఈ ఫొటోల దగ్గరే ఎక్కువసేపు ఉండిపోయాం. సీనియర్ సిస్టర్ ఒకరు లేచి సూటిగా అడిగారు: "మేడమ్, కాలు మొత్తం చూడాలంటే బట్టలు పైకి తీయాలి, రెండు పాదాలూ విప్పించాలి. బయట లైన్లో అంతమంది ఉంటే అంత టైమ్ మాకెక్కడిది?" దీనికి జవాబు లేకుండా ముందుకు పోకూడదు. అక్కడికక్కడే బోర్డు మీద లెక్క వేశాం. ఊట తక్కువగా ఉన్న మానుతున్న పుండుకి రోజూ కట్టు మార్చనక్కర్లేదు. ఊటను పీల్చుకుని పుండును తడిగా ఉంచే ఫోమ్, హైడ్రోకొల్లాయిడ్ లాంటి డ్రెస్సింగులు ఊటను బట్టి కొన్ని రోజులు ఉంచవచ్చు. రోజూ వచ్చే మనిషి వారానికి రెండుసార్లు వస్తే మిగిలే టైమ్, మొదటి రోజు నిదానంగా చూడడానికి సరిపోతుంది. సిస్టర్ గారు వెంటనే ఒప్పుకోలేదు గానీ ఆ లెక్కను తన నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నారు.

జూలై చివర, మాన్పించే క్లాసు

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన క్లాసు ఇదే. పెరాక్సైడ్ మానండి, పొడి గాజు గుడ్డ మానండి, రోజూ డ్రెస్సింగ్ మానండి అని చెప్పాలి.

కాబట్టి ముందు కథలే చెప్పాం. మొదటి ప్రపంచ యుద్ధంలో, తర్వాత పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఫ్రాన్స్‌లో సైనికుల గాయాల మీద పనిచేశాడు. యుద్ధపు గాయాల్లో ఉండే సందులూ గొందులూ ఉండేలా గాజు గొట్టానికి మొనలు లాగి కృత్రిమ గాయం తయారు చేశాడు. అందులో క్రిములున్న ద్రవం నింపి, తీసేసి, యాంటీసెప్టిక్ పోసి, దాన్నీ తీసేసి మళ్లీ మామూలు ద్రవం నింపితే క్రిములు మళ్లీ పెరిగాయి. మందు మొనల చివరిదాకా పోయి క్రిములన్నిటినీ చంపలేకపోయింది. పైగా, గాయంలో క్రిములతో పోరాడే మన తెల్ల రక్తకణాలనే అది ముందు చంపుతోందని కూడా ఆయన చూపించాడు.

రెండో కథ గాయాలు ఎలా మానతాయో పరిశోధించిన జార్జ్ వింటర్‌ది. 1962లో ఆయన పందుల చర్మం మీద పైపైన గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి పక్కు కట్టనిచ్చాడు, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి తడి ఆరకుండా ఉంచాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతలు వేగంగా పాకింది. పక్కు ఉన్నచోట కొత్త కణాలు దాని కిందకు దిగి, తడి ఉన్న దారి వెతుక్కుంటూ పోవాలి. ఈ బొమ్మ గీసి చూపించగానే క్లాసులో కదలిక వచ్చింది. గాజు గుడ్డ ఎండి పుండుకి అతుక్కుపోయి, లాగినప్పుడు రక్తం రావడం అందరూ రోజూ చూసేదే. ఆ గుడ్డతో పాటు కొత్త చర్మం కూడా ఊడి వస్తోందన్నది వాళ్లంతట వాళ్లే చెప్పారు.

కడగడానికి సెలైన్ చాలు. తాగడానికి పనికొచ్చే శుభ్రమైన కుళాయి నీటితో కడిగినా సెలైన్‌తో పోలిస్తే ఇన్‌ఫెక్షన్లు పెరిగినట్టు కాక్రేన్ సమీక్షలో ఆధారాలు దొరకలేదు. ఇక్కడ గట్టి వాదనే జరిగింది. నీళ్లు తగిలితే చీము పడుతుందన్న మాట చిన్నప్పటి నుంచీ విన్నది కదా. నీళ్లు శుభ్రమైనవా కాదా అన్నదే అసలు ప్రశ్న, ఆ నమ్మకం లేనిచోట కాచి చల్లార్చిన నీళ్లో సెలైనో వాడండి అని తేల్చాం.

దీనికి మినహాయింపులు కూడా అదే క్లాసులో, అదే గట్టిదనంతో చెప్పాం. లేకపోతే ఒక మూఢ అలవాటు పోయి ఇంకోటి వస్తుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్న పుండులో అయొడిన్‌కి చోటుంది, కొద్ది రోజుల పాటు. రక్తం అందక నల్లగా ఎండిపోయిన వేలిని తడపకూడదు, పొడిగానే ఉంచి పైకి, అంటే పెద్ద ఆసుపత్రికి పంపాలి. మంచం పట్టిన మనిషి మడమ మీద గట్టిగా, పొడిగా, చుట్టూ ఎర్రదనం లేకుండా ఉన్న నల్లటి పక్కును గోకకూడదు. తడి మంచిదన్న మాట రక్తం అందుతున్న పుండుకే వర్తిస్తుంది. దీన్ని బోర్డు మీద రాసి, కింద గీత గీసి, క్లాసు అయ్యేదాకా చెరపలేదు.

ఆగస్టు

కొలతలు. చెప్పడానికి తేలిక, చేయించడానికి కాదు. మట్టితో వంకర టింకర పుండు ఒకటి తయారు చేసి అందరి ముందూ పెట్టాం. స్కేలు ఇచ్చి కొలవమంటే తలా ఒక అంకె చెప్పారు. ఒకరు మూలకి మూల కొలిచారు, ఒకరు ఎర్రగా ఉన్న అంచు దాకా, ఇంకొకరు లోపలి గుంత మాత్రమే. అప్పుడు నియమం పెట్టుకున్నాం: పేషంట్ తల వైపు 12 గంటలు, పాదం వైపు 6 గంటలు అనుకోవాలి. ఆ నిలువున ఎక్కువ పొడవు, దానికి అడ్డంగా ఎక్కువ వెడల్పు. చర్మం తెగినచోటు నుంచి చర్మం తెగినచోటు దాకా. పొడవూ వెడల్పూ గుణిస్తే అసలు వైశాల్యం కన్నా ఎక్కువే వస్తుంది, కోడిగుడ్డు ఆకారంలో ఉండే పుండుకైతే దాన్ని 0.785తో గుణించాలి. కానీ రోజువారీ పనిలో ఆ గుణకారం అక్కర్లేదు, ప్రతిసారీ ఒకే పద్ధతిలో కొలిస్తే చాలు. రెండోసారి కొలిచినప్పుడు అంకెలు బాగా దగ్గరికొచ్చాయి.

ఎందుకు కొలవాలో చెప్పడానికి ఒక్క ఆధారం చాలింది. షుగర్ పాదపు పుండు నాలుగు వారాల్లో దాదాపు సగానికి తగ్గకపోతే, పన్నెండు వారాలకు అది మానే అవకాశం బాగా తక్కువని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అంటే నాలుగో వారంలో కార్డు చూసి నిర్ణయం తీసుకోవచ్చు: ఇదే దారిలో వెళ్లాలా, కారణం మళ్లీ వెతకాలా, పైకి పంపాలా. నెలల తరబడి రోజూ అదే కట్టు మారుస్తూ కూర్చునే పరిస్థితికి ఈ ఒక్క తేదీ అడ్డుకట్ట వేస్తుంది. అందుకే ప్రతి పుండు కార్డు పైభాగంలో "నాలుగో వారం తేదీ" అని ఒక గడి పెట్టాం, మొదటి రోజే నింపాలి.

ఏళ్లుగా మానని పుండు అంచు పైకి లేచి గడ్డలా మారితే క్యాన్సర్ కావచ్చు, ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇది కార్డు వెనక అచ్చు వేయించాం.

సెప్టెంబర్, డాప్లర్ పట్టుకున్న రోజులు

ఈ నెలంతా చేతి పనే. ధమనిలో రక్తం పారే శబ్దాన్ని వినిపించే చిన్న డాప్లర్ యంత్రంతో చీలమండ దగ్గర బి.పి. చూసి, దాన్ని చేతి బి.పి.తో భాగించడం. సిరల పుండుకి గట్టి కట్టు కట్టవచ్చా లేదా అన్నది ఈ అంకెను బట్టే తేలాలి.

పేషంట్‌ని పదిహేను నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టాలి. ఇక్కడే సగం మంది తొందరపడతారు. రెండు చేతులూ చూసి ఎక్కువ అంకె తీసుకోవాలి. పాదం పైన, చీలమండ వెనక, రెండు చోట్లా ధమని వెతకాలి, వాటిలోనూ ఎక్కువ అంకే తీసుకోవాలి. ప్రోబ్‌ని నిటారుగా పెడితే శబ్దం సరిగా రాదు, రక్తం వచ్చే దిక్కుకి వాల్చి సుమారు 45 డిగ్రీల్లో పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే ధమనే మూసుకుపోతుంది. మొదటిసారి ఆ "హుష్ హుష్" శబ్దం దొరికినప్పుడు ఒక చిన్న సిస్టర్ ముఖం వెలిగిపోయింది, పక్కవాళ్లందరినీ పిలిచి వినిపించింది. తర్వాత ఆ అమ్మాయే మిగతావాళ్లకి నేర్పింది. నాకన్నా బాగా నేర్పింది, ఎందుకంటే ఎక్కడ చెయ్యి జారుతుందో తనకి అప్పుడే అనుభవం.

భాగిస్తే వచ్చిన అంకె 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే పూర్తి ఒత్తిడి కట్టు కట్టవచ్చు. 0.8 కన్నా తక్కువైతే పూర్తి ఒత్తిడి వద్దు, నిపుణుల అభిప్రాయం తీసుకోవాలి. 0.5 కన్నా తక్కువైతే ఆలస్యం చేయకుండా రక్తనాళాల డాక్టర్ దగ్గరికి. 1.3 దాటితే సంతోషించకూడదు. షుగర్ ఉన్నవాళ్లలో ధమని గోడలు గట్టిపడి పట్టీకి నొక్కుకుపోకుండా అంకె ఎక్కువ చూపిస్తుంది, లోపల రక్తం తక్కువగానే ఉండవచ్చు. అలాంటివాళ్లకి కాలి వేలి దగ్గర ఒత్తిడి కొలిచే చోటికి పంపాలి.

తర్వాత కట్టు. సిరల పుండుకి కంప్రెషన్ (ఒత్తిడి) కట్టే అసలు వైద్యం, కింద వేసే డ్రెస్సింగ్ ఏదన్నది దాని తర్వాతి సంగతే. చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల మెర్క్యురీ ఒత్తిడి రావాలి. కట్టు కింద ఒత్తిడి కొలిచే చిన్న పరికరం పెట్టి అందరి చేతా కట్టించాం. ఒకే కట్టు, ఒకే కాలు, అయినా ఒకరికి బాగా తక్కువ, ఒకరికి ప్రమాదకరంగా ఎక్కువ. అంకె కళ్ల ముందు కనబడుతుంటే నేను మాట్లాడాల్సిన పని లేకపోయింది. విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ చూసుకుని, చేతికి ఆ లాగుడు అలవాటయ్యేదాకా చేశారు.

కట్టు ఎందుకలా పనిచేస్తుందో కూడా చెప్పాం. ఒకే లాగుడుతో చుట్టినా సన్నగా ఉన్న చోట ఒత్తిడి ఎక్కువ, లావుగా ఉన్న చోట తక్కువ పడుతుంది. అందుకే సన్నని చీలమండ దగ్గర ఎక్కువ, లావైన పిక్క దగ్గర తక్కువ ఒత్తిడి దానంతటదే వచ్చి, రక్తం పైకి వెళ్తుంది. అదే కారణంగా మరీ సన్నని కాలి మీద, ముందు ఎముక అంచు మీద ఒత్తిడి చర్మాన్ని కోసేస్తుంది కాబట్టి ముందుగా మెత్త చుట్టాలి. చీలమండ చుట్టుకొలత 18 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే మెత్తతో పెంచాలి. కట్టు కాలి వేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా, మడమను వదలకుండా. పేషంట్‌కి చెప్పాల్సింది: వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా కట్టు విప్పేసి వెంటనే రావాలి.

అక్టోబర్

చీము, ఇన్‌ఫెక్షన్, యాంటీబయాటిక్స్. పుండు అడుగున పసుపుగా అతుక్కుని ఉండేది చాలాసార్లు చీము కాదు, చచ్చిన కణజాలం. పసుపు కనబడగానే యాంటీబయాటిక్ రాయడం ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. మానని ప్రతి పుండులోనూ క్రిములుంటాయి, స్వాబ్ (పుండు మీద దూది పుల్లతో తీసే నమూనా) ల్యాబ్‌కి పంపితే ఏదో ఒకటి పెరుగుతుంది. ఎర్రదనం పాకుతోందా, వేడిగా ఉందా, నొప్పి కొత్తగా పెరిగిందా, వాసన మారిందా, జ్వరం ఉందా అని చూశాకే స్వాబ్. షుగర్ పాదం విషయంలో ఈ గుర్తులు మందకొడిగా ఉంటాయి, కాబట్టి అనుమానం ఎక్కువగా పెట్టుకోవాలి. స్వాబ్ తీసేటప్పుడు ముందు పుండు కడిగి, శుభ్రంగా ఉన్న కణజాలం మీద ఒక చదరపు సెంటీమీటర్ చోట ఐదు సెకన్ల పాటు లోపలి ద్రవం ఊరేలా నొక్కి తిప్పాలి. పైన ఉన్న చీమును అద్ది పంపితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

ఈ క్లాసు నర్సులకే పెడితే లాభం లేదు. చీటీ మీద "రోజూ డ్రెస్సింగ్, ఐదు రోజులు యాంటీబయాటిక్" అని ఉంటే సిస్టర్ ఏం చేయగలరు? డాక్టర్లను విడిగా కూర్చోబెట్టాం. స్లైడ్లు లేవు, వాళ్ల కేంద్రంలోని కార్డులే బల్ల మీద పరిచాం. నాలుగో వారం తేదీ దాటిన కార్డులు, ప్రతిసారీ కొలత రాసి ఉన్నవి. ఒక డాక్టర్ గారు ఒక కార్డుని చాలాసేపు చూసి, "ఈ పేషంట్‌కి నేను మూడు రకాల యాంటీబయాటిక్స్ మార్చాను, కొలత కదల్లేదు. డాప్లర్ చూశారా సిస్టర్?" అని అడిగారు. చూశారు. 0.6. ఆ రోజే రిఫరల్ రాశారు. ఆ సంభాషణ నర్సు తెచ్చిన అంకెతో మొదలైంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన విషయం ఇదే.

షుగర్ పాదాల క్లాసు చిన్నదిగానే పెట్టాం. 10 గ్రాముల మోనోఫిలమెంట్ (స్పర్శ చూసే సన్నని నైలాన్ పోగు) వంగేదాకా అరికాలి మీద ఆనించి, పేషంట్ కళ్లు మూసుకుని చెప్పాలి. అది లేని రోజున వేలి కొసతో కాలి వేళ్ల చివర్లను ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకి అడిగినా స్పర్శ పోయిందో లేదో పట్టుకోవచ్చు. పుండు ఉంటే ఆ చోటు మీద బరువు పడకుండా చేయాలి, మోకాలి దాకా వచ్చే విప్పలేని కట్టుకి ఆధారాలు బలంగా ఉన్నాయి. మన స్థాయిలో అది వేయలేం, కాబట్టి వేసే చోటికి త్వరగా పంపడమే మన పని.

నవంబర్

మళ్లీ అదే కాగితం, అవే గడులు, అదే పక్కన కూర్చోవడం.

కొలత రాయడం బాగా నిలబడింది. కారణం రాయడం చాలా కార్డుల్లో ఉంది. పెరాక్సైడ్ దాదాపు కనబడటం లేదు, దీనికి క్లాసు ఒక్కటే కారణం అనను. రెండు కేంద్రాల్లో సిస్టర్లే ఆ సీసాను ట్రాలీ మీద నుంచి తీసి బీరువాలో పెట్టించారు. చెయ్యి చాపితే అందకపోవడం చాలా పని చేసింది. మిగతా కేంద్రాల్లో కూడా ట్రాలీ ఎలా సర్దాలో ఒక బొమ్మ గీసి ఇస్తున్నాం: పైన సెలైన్, కొలిచే కాగితం, శుభ్రమైన గ్లవ్స్, పెన్ను. ప్రతి డ్రెస్సింగ్‌కీ స్టెరైల్ గ్లవ్స్ అక్కర్లేదని, పుండుని తాకే భాగాన్ని చేత్తో ముట్టకపోవడం ముఖ్యమని చెప్పాక గ్లవ్స్ కొరత గొడవ కూడా తగ్గింది.

డాప్లర్ మాత్రం వెనకబడింది. నేర్చుకున్నవాళ్లు బదిలీ అయితే యంత్రం డబ్బాలోనే ఉండిపోతోంది. నెలకి కొద్దిసార్లే వాడే నైపుణ్యం చేతిలోంచి త్వరగా జారిపోతుంది, ఇది ఎవరి తప్పూ కాదు. అన్ని కేంద్రాల్లోనూ అందరికీ నేర్పడం కన్నా, ఒక రోజు నిర్ణయించి కాళ్ల పుండ్లవాళ్లందరినీ ఆ రోజు ఒకే చోటికి రప్పించి, బాగా చేతికి వచ్చిన ఇద్దరు ముగ్గురు చూడడం మంచిదని నా అభిప్రాయం. టీమ్‌లో దీని మీద ఏకాభిప్రాయం లేదు. పేషంట్లకు దూరం పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఒక చోట మొదలుపెట్టి, రాలేకపోయినవాళ్లెవరో రాసుకుంటూ చూద్దామని ప్రస్తుతానికి ఒప్పుకున్నాం.

రోజూ డ్రెస్సింగ్ మానడం సగం సగంగానే ఉంది. ఈసారి అడ్డుపడింది పేషంట్లు. "కట్టు మార్చకపోతే లోపల కుళ్లిపోదా సిస్టర్?" అని భయంతో అడుగుతున్నారు, రోజూ వచ్చేస్తున్నారు. వాళ్ల కోసం కార్డు మీద పుండు ఆకారం పారదర్శక కాగితంతో గీసి చూపించడం ఒక సిస్టర్ మొదలుపెట్టారు. పోయిన వారం గీత లోపల ఈ వారం గీత. చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతోంది, వారానికి రెండుసార్లు రావడానికి ఒప్పుకుంటున్నారు. దీన్ని మిగతా కేంద్రాలకు ఆ సిస్టరే నేర్పాలని అడిగాం, ఒప్పుకున్నారు.

డిసెంబర్‌లో చేయాల్సినవి: కొత్తగా చేరిన నర్సులకి మొదటి క్లాసు మళ్లీ. మంచం పట్టిన మనుషుల్ని ఇంట్లో చూసుకునేవాళ్లతో పడక పుండ్ల మీద ఒక పూట, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం చేయించి చూపించాలి. ఫోమ్ డ్రెస్సింగులు అయిపోయే ముందే ఇండెంట్ (సరుకు కావాలని కోరే చీటీ) పెట్టేలా స్టోర్‌తో మాట్లాడాలి, అవి లేని వారం మళ్లీ పొడి గాజు గుడ్డే ట్రాలీ ఎక్కుతుంది.